నాన్న బయాప్సీ రిపోర్టులో "ఎంఎల్‌హెచ్1 లాస్" అని ఉంది. కడుపు క్యాన్సర్‌లో ఈ జన్యు మార్కర్లు ఎంతవరకు చెప్తాయి?

తెనాలి_తమలపాకు
ఫిబ్రవరి 9, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్ట్. ఏమైనా తప్పు రాస్తే ఏమీ అనుకోకండి.

మా నాన్నకి 66 ఏళ్ళు. దీపావళి నుంచి రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని కంచం ముందు నుంచి లేచిపోయేవారు. గ్యాసే అనుకుని మందుల షాపులో బిళ్ళలు తెచ్చుకుని వేసుకున్నారు. సంక్రాంతికి నేను వెళ్ళి చూసేసరికి చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. ఎండోస్కోపీ చేయిస్తే కడుపు కింది భాగంలో పుండు పడిన గడ్డ కనిపించింది. సీటీలో లివర్‌కి, ఊపిరితిత్తులకి పాకలేదన్నారు. పక్కన ఒకటి రెండు లింఫు గ్రంథులు మాత్రం వాచాయట. టీ3 ఎన్1 అని రాశారు, అంటే గడ్డ కడుపు గోడలో లోతుగా దిగిందని, ఒకటి రెండు గ్రంథులకి చేరిందని అర్థమట.

బయాప్సీ రిపోర్టులో ఉన్నవి ఇవి:
అడినోకార్సినోమా, ఇంటెస్టినల్ టైప్
హెర్2: 1+
ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2: లాస్. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6: ఉన్నాయి
పీడీ-ఎల్1 సీపీఎస్: 8
ఈబర్ (ఈబీవీ వైరస్ పరీక్ష): నెగటివ్

డాక్టరు గారు మంచివారే, కానీ బయట అరవై మంది కూర్చుని ఉన్నారు. "ఈ మార్కర్లు చూస్తే దారి కాస్త మారొచ్చు. మా టీమ్‌తో మాట్లాడతాను, శుక్రవారం రండి" అన్నారు. ఈలోపు ఎవరో ల్యాబ్ నుంచి ఫోన్ చేశారు. 500 జీన్ల ప్యానెల్ చేస్తారట, లక్షకు పైనే అవుతుందట, చేయిస్తే "పేషెంటు ఫ్యూచర్ మొత్తం తెలుస్తుంది" అట. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు వెంటనే చేయించెయ్యమంటున్నాడు.

నిన్న రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే హెర్2 మందు లేకపోతే 11 నెలలు అని ఒకచోట కనిపించింది. అప్పటి నుంచి నిద్ర లేదు. నాన్నకి హెర్2 లేదు కదా, అంటే 11 నెలలేనా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

స్లైడు_మాస్టారు
ఫిబ్రవరి 10, ఉదయం 5:22

అమ్మా, ముందు ఆ 11 నెలల సంగతి తేల్చేద్దాం. మిగతావి తర్వాత.

నువ్వు చూసింది టోగా అనే ట్రయల్ అంకె. 2010లో లాన్సెట్‌లో వచ్చింది. కడుపు క్యాన్సర్ ఆపరేషన్‌కి వీలు లేనంతగా ముదిరిన, లేదా వేరే అవయవాలకు పాకిన 594 మందిని తీసుకున్నారు. వాళ్ళందరూ హెర్2 పాజిటివ్‌లే, అంటే క్యాన్సర్ కణాల మీద ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నవాళ్ళే. సగం మందికి కీమో ఒక్కటే ఇచ్చారు, సగం మందికి కీమోతో పాటు హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇచ్చారు. మొదటి గుంపులో మధ్యస్థ ఆయుర్దాయం 11.1 నెలలు, రెండో గుంపులో 13.8 నెలలు. అంటే ఆ 11 హెర్2 లేనివాళ్ళది కానే కాదు. మీ నాన్నగారికి జబ్బు ఇంకా కడుపు దగ్గరే ఉంది, ఆపరేషన్‌కి వీలుంది. ఆ అంకెకీ ఆయనకీ సంబంధమే లేదు.

పైగా మధ్యస్థం అంటే గడువు కాదమ్మా. గుంపులో సగం మంది ఆ లోపు, సగం మంది ఆ పైన అని మాత్రమే. ఆ పైన ఉన్న సగంలో ఏళ్ళ తరబడి బతికినవాళ్ళూ ఉంటారు. నేను ముప్పై నాలుగేళ్ళు మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాను. ఏ స్లైడు మీదా తేదీ రాసి ఉండగా చూడలేదు.

ఇప్పుడు మార్కర్ల మాట. వీటిని రెండు రకాలుగా చూడాలి. కొన్ని జబ్బు గుణాన్ని చెప్తాయి, ఏ మందు ఇచ్చినా ఇవ్వకపోయినా అది నెమ్మదిగా నడిచే రకమా, ఉరికే రకమా అని. కొన్ని ఫలానా మందు పడుతుందా లేదా చెప్తాయి. నేల గట్టిదా మెత్తదా అన్నది ఒక ప్రశ్న, ఈ నేలకి ఈ ఎరువు పడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. నెట్‌లో రాసేవాళ్ళు రెండింటినీ కలిపేస్తారు, చదివినవాళ్ళకి గుండె ఆగుతుంది.

మీ రిపోర్టులో అసలు విషయం ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లాస్. కణం విడిపోయేటప్పుడు డీఎన్ఏ నకలు తీసుకుంటుంది. ఆ నకల్లో పడే అచ్చుతప్పులు దిద్దడానికి నాలుగు ప్రోటీన్లు జంటలుగా పనిచేస్తాయి. ఎంఎల్‌హెచ్1 పోతే దాని జంట పీఎంఎస్2 ఒంటరిగా నిలవలేదు, అదీ పోతుంది. అందుకే మీకు రెండూ కలిసి పోయాయి. ప్రూఫ్‌రీడర్ లేని పుస్తకంలా ఆ గడ్డలో తప్పులు కుప్పలుగా పేరుకుంటాయి. దీన్నే డీఎంఎంఆర్ అంటారు, పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షలో చూస్తే ఎంఎస్ఐ-హై అంటారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ, ఆపరేషన్‌కి వీలున్న కడుపు క్యాన్సర్లలో ఇది మెరుగైన రకం. అన్ని తప్పులున్న కణం మన రోగనిరోధక కణాల కంట్లో త్వరగా పడుతుంది.

టిఫిన్ చేసి మిగతాది రాస్తాను.

పల్నాటి_కారం
ఫిబ్రవరి 10, ఉదయం 8:05

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది గానీ ఒక మాట. ఈ టెస్టుల పేరు చెప్పి జనాన్ని పిండేస్తున్నారు. మా తాతకి కడుపులో పుండొస్తే ఏ జీను చూశారు? కోశారు, కుట్టారు, పదకొండేళ్ళు పొలం చేశాడు. ల్యాబ్ వాళ్ళకి పేషెంటు ఫోన్ నంబరు ఎవరిచ్చారో ముందు అడగండి చెల్లెమ్మా.

ఉక్కునగరం_63
ఫిబ్రవరి 10, ఉదయం 9:40

కారం గారూ, మీ తాతగారి అదృష్టం గొప్పది. మా ఆవిడ విషయం చెప్తాను వినండి.

ఆమెకి జబ్బు తేలేసరికే లివర్‌లో రెండు మచ్చలు ఉన్నాయి. మొదటి ఎండోస్కోపీలో రెండే ముక్కలు తీశారు. హెర్2 1+ అని రాసి పక్కన పెట్టేశారు. వేరే ఊళ్ళో రెండో అభిప్రాయానికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ ఈ రెండు ముక్కలు చాలవని మళ్ళీ ఎండోస్కోపీ చేసి ఎనిమిది ముక్కలు తీసింది. అందులో 3+ వచ్చింది. ఒకటే గడ్డ, ఒకటే మనిషి! ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టి ఇరవై రెండు నెలలైంది. ఈ కార్తీకంలో సింహాచలం మెట్లెక్కింది, సగం దూరమే అనుకోండి.

మందు ధర గురించి భయపడ్డాం. మన దేశంలో 2014 నుంచి బయోసిమిలర్లు (అసలు మందులాగే పనిచేసే వేరే కంపెనీల మందులు) ఉన్నాయి, వాటివల్లే మా బతుకు నడిచింది. కాబట్టి టెస్టులన్నీ మోసం అనకండి. సరిగ్గా చేయని టెస్టు మోసం.

స్లైడు_మాస్టారు
ఫిబ్రవరి 10, ఉదయం 10:15

ఉక్కునగరం గారు చెప్పింది బంగారం. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 గడ్డంతా ఒకేలా ఉండటం మామూలు. కడుపులో అలా కాదు. ఒక మూల నల్లగా రంగు పట్టి ఉంటుంది, పక్క మూల తెల్లగా ఉంటుంది. కణం చుట్టూ పూర్తిగా కాకుండా "యు" ఆకారంలో పడుతుంది రంగు. రొమ్ము లెక్కలతో చదివే వ్యక్తి దీన్ని తక్కువగా రాసేస్తాడు. అందుకే కనీసం ఆరు నుంచి ఎనిమిది ముక్కలు కావాలి. 3+ అయితే పాజిటివ్, 0 లేదా 1+ అయితే నెగటివ్. 2+ అయితే ఫిష్ టెస్టు చేసి జన్యువు నకళ్ళు నిజంగా పెరిగాయా చూడాలి.

(ఫిష్ అనగానే మా అటెండరు ఒకసారి "కొర్రమీనా సార్?" అని అడిగాడు. పోనివ్వండి.)

తమలపాకు అమ్మా, మీ నాన్నగారికి ఎన్ని ముక్కలు తీశారో రిపోర్టులో "గ్రాస్" అన్న చోట ఉంటుంది, చూడు.

తెనాలి_తమలపాకు
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

ఏడు ముక్కలు అని ఉంది సర్. మీ మొదటి పోస్టు అమ్మకి చదివి వినిపించాను. నిన్నటి నుంచి మొదటిసారి ఆవిడ అన్నం తింది.

లీడ్స్‌లో_పులిహోర
ఫిబ్రవరి 11, తెల్లవారుజాము 3:10

తమలపాకు గారూ, నేను ఇంగ్లండ్‌లో క్యాన్సర్ వార్డు నర్సుని, మాది భీమవరం. నైట్ డ్యూటీ బ్రేక్‌లో రాస్తున్నా, అక్షర దోషాలుంటే క్షమించాలి.

శుక్రవారం మీరు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఆపరేషన్‌కి ముందు కీమో ఇస్తారా, నేరుగా ఆపరేషనా?

మామూలుగా టీ3 గడ్డకి ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్ళీ కీమో. ఈ పద్ధతికి బలం ఇచ్చింది మా దగ్గర జరిగిన మ్యాజిక్ ట్రయల్, 2006లో వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత అదే ట్రయల్ పాత బ్లాకులు (మైనంలో దాచిన గడ్డ ముక్కలు) బయటికి తీసి ఎంఎస్ఐ చూశారు. 303 మందిలో 20 మందికి ఎంఎస్ఐ-హై. వాళ్ళలో ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్ళు బాగా ఉన్నారు, మధ్యస్థం అంకె కూడా రాలేదు, ఎందుకంటే సగానికి పైగా బతికే ఉన్నారు. కీమో కూడా తీసుకున్న ఎంఎస్ఐ-హై వాళ్ళలో మాత్రం 9.6 నెలలు. మిగతా పేషెంట్లలో సంగతి వేరు.

కొరియా, చైనా, తైవాన్‌లలో జరిగిన క్లాసిక్ ట్రయల్‌లోనూ ఇలాంటిదే. అక్కడ ఆపరేషన్ ముందు, కీమో తర్వాత. మామూలు రకం వాళ్ళకి కీమోతో ఐదేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది 66.8 శాతం, కీమో లేకుండా 54.1. ఎంఎస్ఐ-హై వాళ్ళకి కీమోతో 83.9, లేకుండా 85.7. అంటే కీమో వల్ల ఒరిగింది ఏమీ లేదు.

తర్వాత నాలుగు ట్రయల్స్ కలిపి 1,556 మందిని చూస్తే ఎంఎస్ఐ-హై వాళ్ళలో ఐదేళ్ళకి 77.5 శాతం మంది బతికి ఉన్నారు, మిగతావాళ్ళలో 59.3 శాతం. మాస్టారు "మెరుగైన రకం" అన్నది ఇందుకే.

మబ్బుల్లో_డేటా
ఫిబ్రవరి 11, ఉదయం 10:52

పులిహోర అక్కా, అంకెలన్నీ కరెక్టే, కానీ ఒక చిన్న ముల్లు. మ్యాజిక్‌లో ఎంఎస్ఐ-హై 20 మంది, క్లాసిక్‌లో 40 మంది. నాలుగు ట్రయల్స్ కలిపినా 121 మందే. 20 మందిని రెండు గుంపులు చేస్తే ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే బొమ్మ మారిపోతుంది. పైగా అప్పటి మందులు వేరు. ఇప్పుడు వాడే ఫ్లాట్ నాలుగు మందుల కలయిక. 2019లో వచ్చిన దాని ట్రయల్‌లో మధ్యస్థ ఆయుర్దాయం పాత మందులతో 35 నెలలైతే దీనితో 50 నెలలు. ఫ్లాట్ తర్వాత కొందరు ఎంఎస్ఐ-హై వాళ్ళ గడ్డలు కూడా బాగా కరిగాయి. కాబట్టి "కీమో విషం" అన్నంత దూరం వెళ్ళకూడదు.

నా గురించి: హైదరాబాద్‌లో బయోఇన్ఫర్మాటిక్స్ పీహెచ్‌డీ చేస్తున్నాను, సరిగ్గా కడుపు క్యాన్సర్ డేటా మీదే. డాక్టర్ని కాను.

లీడ్స్‌లో_పులిహోర
ఫిబ్రవరి 11, సాయంత్రం 4:20

ఒప్పుకుంటా తమ్ముడూ. అందుకే "వద్దని చెప్పండి" అనలేదు, "అడగండి" అన్నా. ఇంకోటి, డీఎంఎంఆర్ వాళ్ళకి ఆపరేషన్‌కి ముందు కీమో బదులు ఇమ్యునోథెరపీ (మన రోగనిరోధక కణాల్నే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) ఇచ్చి చూశారు ఫ్రాన్స్‌లో. నియోనిపిగా అని పేరు. 32 మందిలో 29 మందికి ఆపరేషన్ అయింది. వాళ్ళలో 17 మంది కడుపు తీసి చూస్తే క్యాన్సర్ కణం ఒక్కటీ మిగల్లేదు! చిన్న ట్రయలే, కానీ ఆ వార్త వచ్చిన రోజు మా వార్డులో అందరం నోరెళ్ళబెట్టాం.

ఖర్చు మాత్రం తేలిగ్గా మోసేది కాదు. ఆరోగ్యశ్రీ, వైద్యసేవ కౌంటర్ దగ్గర ఏది ఉంది ఏది లేదు అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

కషాయం_గురువు
ఫిబ్రవరి 11, సాయంత్రం 6:01

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకులు
ఫిబ్రవరి 11, సాయంత్రం 6:14

ఫోన్ నంబరు పెట్టి మందులు అమ్మే పోస్టులు ఇక్కడ కుదరవు. రెండోసారి.

తెనాలి_తమలపాకు
ఫిబ్రవరి 11, రాత్రి 9:33

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తున్నారు, ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. రెండు డౌట్లు. సీపీఎస్ 8 అంటే ఎక్కువా తక్కువా? 500 జీన్ల ప్యానెల్ చేయించాలా? తమ్ముడు రోజూ ఫోన్ చేసి గొడవ. "అక్కా, డబ్బు నేను పంపిస్తా, నువ్వెందుకు ఆపుతున్నావ్" అంటాడు. నేనేదో నాన్నకి అన్యాయం చేస్తున్నట్టు.

స్లైడు_మాస్టారు
ఫిబ్రవరి 12, ఉదయం 5:40

సీపీఎస్ లెక్క ఇది. పీడీ-ఎల్1 అంటే రోగనిరోధక కణాలకి బ్రేకు వేసే ప్రోటీన్. దాని రంగు పట్టిన క్యాన్సర్ కణాలు, లింఫు కణాలు, మాక్రోఫేజ్‌లు అన్నీ కలిపి లెక్కపెట్టి, మొత్తం బతికున్న క్యాన్సర్ కణాలతో భాగించి, వందతో గుణిస్తాం. పాకిన జబ్బుకి నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్‌లో 5 దగ్గర గీత గీశారు. ఆ గీతకి పైన ఉన్నవాళ్ళలో మధ్యస్థ ఆయుర్దాయం కీమోతో 11.1 నెలలు, నివోలుమాబ్ కలిపితే 14.4. (మళ్ళీ 11.1! భయపడకు. ఇదీ ముదిరిన జబ్బు వాళ్ళదే.) నిజం చెప్పాలంటే సీపీఎస్ అనేది ఇద్దరు పాథాలజిస్టులకి ఇస్తే రెండు అంకెలు వచ్చే లెక్క. నేను 8 అన్నది మా శిష్యుడు 5 అనొచ్చు. మీకు డీఎంఎంఆర్ ఉండగా దాని ముందు సీపీఎస్ చిన్న విషయం.

ప్యానెల్ గురించి మా డేటా అబ్బాయి చెప్పాలి. పేపర్లు రాసేది వాళ్ళే కదా.

మబ్బుల్లో_డేటా
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 12:25

మాస్టారు చురక పెట్టారు, తీసుకుంటా.

2014లో టీసీజీఏ అనే అమెరికా ప్రాజెక్టు 295 కడుపు గడ్డల జన్యువులన్నీ చదివి నాలుగు రకాలుగా విడగొట్టింది. ఈబీవీ అనే వైరస్ ఉన్నవి 9 శాతం, ఎంఎస్ఐ 22 శాతం, జన్యువుల్లో పెద్ద గందరగోళం లేనివి 20 శాతం, క్రోమోజోములు ముక్కలు ముక్కలైనవి 50 శాతం. మరుసటి ఏడాది కొరియా నుంచి 300 గడ్డల మీద ఇంకో వర్గీకరణ వచ్చింది. అందులో ఎంఎస్ఐ వాళ్ళు అందరికన్నా బాగున్నారు. కణాలు అతుకు వదిలేసి విడివిడిగా పాకే రకం వాళ్ళది అందరికన్నా కష్టం. మాస్టారు మైక్రోస్కోప్‌లో "డిఫ్యూజ్ టైప్" అని పిలిచేది చాలావరకు అటువైపే.

ఇది పునాది. ఇక దీని మీద కట్టిన మేడలు చూడాలి. టీసీజీఏ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాంతో మాలాంటివాళ్ళం వేల కొద్దీ జన్యువుల్లోంచి ఐదో, ఏడో, పదకొండో ఏరి "ఇవి ఎక్కువుంటే ఆయుష్షు తక్కువ" అని స్కోరు తయారుచేస్తాం. కుప్పలు కుప్పలుగా వచ్చాయి. ఒక పేపర్లో ఉన్న జన్యువు ఇంకో పేపర్లో ఉండదు. ఇన్ని వేల జన్యువులకి ఇన్ని వందల మంది పేషెంట్లు అయితే, వెతికితే ఏదో ఒకటి దొరక్క చస్తుందా? నా మొదటి ఏడాది స్కోరు నా డేటాలో అద్భుతంగా వచ్చింది. వేరే దేశం డేటా మీద పెడితే నాణెం ఎగరేసినట్టు వచ్చింది. ఆ రోజు మా గైడ్ "ఇప్పుడు నువ్వు చదువుకోవడం మొదలుపెట్టావు" అన్నారు.

నిలబడ్డవి లేకపోలేదు. కొరియా వాళ్ళు 2018లో నాలుగు జన్యువులతో ఒక పరీక్ష తయారుచేసి క్లాసిక్ ట్రయల్ పేషెంట్ల బ్లాకుల మీదే సరిచూశారు. ఎవరికి కీమో వల్ల లాభం ఉంటుందో విడగొట్టగలిగింది. కానీ ఇక్కడ మీ డాక్టరు రేపు దాన్ని రాయరు.

కాబట్టి అక్కా, "ఫ్యూచర్ మొత్తం తెలుస్తుంది" అన్నవాడు అబద్ధం చెప్పాడు. ఇప్పుడు నిర్ణయం మార్చే మార్కర్లు ఏవో అవి మీ రిపోర్టులో ఇప్పటికే ఉన్నాయి. జబ్బు పాకినవాళ్ళకి, మొదటి మందులు పనిచేయనివాళ్ళకి పెద్ద ప్యానెల్‌తో ఉపయోగం ఉండొచ్చు. తమ్ముడికి ఈ పోస్టు పంపండి. కావాలంటే నన్ను తిట్టమనండి.

ఐజ్వాల్_తెలుగోడు
ఫిబ్రవరి 12, రాత్రి 8:47

బ్యాంకు ఉద్యోగం మీద మిజోరంలో ఉన్నాను. దేశంలో కడుపు క్యాన్సర్ బాగా ఎక్కువ ఉన్న చోట్లలో ఇదొకటి. నా బ్రాంచిలోనే ఇద్దరి ఇళ్ళల్లో ఉంది. పొగబెట్టిన మాంసం, ఉప్పు, పొగాకు పొగ నీళ్ళల్లోకి పట్టి చేసే "తుయిబుర్" అనేదాన్ని నోట్లో పోసుకోవడం, వీటి గురించి ఇక్కడి డాక్టర్లు చెప్తుంటారు. మరి కడుపులో చేరి క్యాన్సర్‌కి దారితీసే హెచ్.పైలోరి అనే బ్యాక్టీరియా మన దేశంలో ఇంతమందికి ఉంటే మిగతా చోట్ల ఇంత ఎందుకు లేదు?

స్లైడు_మాస్టారు
ఫిబ్రవరి 13, ఉదయం 5:35

దాన్నే ఇండియన్ ఎనిగ్మా అంటారు బాబూ, అదో పెద్ద కథ. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 2023లో జపాన్ వాళ్ళు లెక్కగట్టారు. హెచ్.పైలోరి ఒక్కటే ఉంటే 85 ఏళ్ళు వచ్చేలోపు కడుపు క్యాన్సర్ వచ్చే అవకాశం 14.4 శాతం. దానికి తోడు డీఎన్ఏని బాగుచేసే బీఆర్‌సీఏ వంటి జన్యువుల్లో పుట్టుకతోనే లోపం ఉంటే 45.5 శాతం. జపాన్ అంకెలు మనకి అలాగే అతకవు. కానీ పైలోరి పరీక్ష చేయించి మందులు వాడటం మన చేతిలో పనే. తమలపాకు అమ్మా, నువ్వూ మీ తమ్ముడూ చేయించుకోండి.

పిన్ని_గారి_అబ్బాయి
ఫిబ్రవరి 13, ఉదయం 11:18

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మ 44 ఏళ్ళకి డిఫ్యూజ్ రకం కడుపు క్యాన్సర్‌తో పోయింది. ఇప్పుడు మా పిన్నికి 47, రొమ్ములో లాబ్యులర్ క్యాన్సర్ అన్నారు. రెండూ వేరు వేరు జబ్బులు కదా అని ఇంట్లో అంటున్నారు. నాకు 29.

స్లైడు_మాస్టారు
ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 12:02

వేరు కాకపోవచ్చు నాయనా. ఈ పని వాయిదా వెయ్యకు.

న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్‌తో పోతుండేవాళ్ళు. కారణం సీడీహెచ్1 అనే జన్యువని 1998లో తేలింది. కణాన్ని కణానికి అతికించి ఉంచే జిగురు లాంటి ప్రోటీన్‌ని తయారుచేసేది అదే. ఆ జిగురు పోతే కడుపులో డిఫ్యూజ్ రకం, ఆడవాళ్ళ రొమ్ములో లాబ్యులర్ రకం వస్తాయి. మీ ఇంట్లో సరిగ్గా ఆ జంట కనిపిస్తోంది. ఎండోస్కోపీలో ఇది దొరకడం కష్టం, పైపొర కిందే పాకుతుంది. అందుకే లోపం ఉన్నవాళ్ళకి జబ్బు రాకముందే కడుపు మొత్తం తీసేయించుకోవడం గురించి మాట్లాడతారు.

మొదట్లో ఈ లోపం ఉన్న మగవాళ్ళలో 70 శాతం మందికి వస్తుందన్నారు. తర్వాత ఇంకా ఎక్కువ కుటుంబాలు చూశాక 42 శాతం అన్నారు. అంకెలు మారుతుంటాయి, కాబట్టి నెట్ చూసి నిర్ణయం తీసుకోకు. ముందు పరీక్ష జబ్బు ఉన్న మీ పిన్నికి. ఆమె రక్తంలో లోపం దొరికితే నీకు ఆ ఒక్కటే చూస్తే చాలు. జెనెటిక్ కౌన్సెలర్ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్ళు.

పిన్ని_గారి_అబ్బాయి
ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 12:09

సరే సర్. పిన్నికి చెప్పడమే కష్టం.

పల్నాటి_కారం
ఫిబ్రవరి 13, రాత్రి 10:50

నేను మొదట్లో దురుసుగా రాశాను. దాని వెనక సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కింద మా బావమరిదికి ఇదే జబ్బు. ఆపరేషన్ బాగా అయింది. తర్వాత క్యాపిసిటబిన్ అనే కీమో బిళ్ళలు ఇచ్చారు. తొమ్మిదో రోజుకి నోరంతా పుండ్లు, విరేచనాలు, తెల్లకణాలు పడిపోయాయి. పన్నెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు, కానీ ఎకరం పొలం పోయింది. డిశ్చార్జి రోజున ఒక కుర్ర డాక్టరు "డీపీవైడీ అని రక్త పరీక్ష ఉంటుంది, ముందు చేయించి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ ఆసుపత్రిలోనే అంతకుముందు నలభై వేల రూపాయల ప్యానెల్ ఒకటి చేయించాం. అది దేనికి పనికొచ్చిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అక్కర్లేనిది అమ్మారు, కావాల్సింది చెప్పలేదు. నా మంట అదీ.

లీడ్స్‌లో_పులిహోర
ఫిబ్రవరి 14, తెల్లవారుజాము 2:35

కారం అన్నా, చదివి కళ్ళు చెమర్చాయి. మీరన్నది నిజం. 5-ఎఫ్‌యూ, క్యాపిసిటబిన్ అనే కీమో మందుల్ని ఒంట్లోంచి కడిగేసే ఎంజైము డీపీవైడీ అనే జన్యువు నుంచి వస్తుంది. అందులో లోపం ఉంటే మామూలు డోసే విషమవుతుంది. యూరప్‌లో 2020 నుంచి మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయమని సిఫారసు ఉంది. ఇది గడ్డలో జన్యువు కాదు, పుట్టుకతో వచ్చిన జన్యువు, రక్తం చాలు.

మబ్బుల్లో_డేటా
ఫిబ్రవరి 14, ఉదయం 9:15

ఒక జాగ్రత్త. మామూలుగా చూసే నాలుగు లోపాలు ప్రధానంగా యూరప్ జనాభాలో గుర్తించినవి. మనవాళ్ళలో అవి అరుదు, వేరేవి ఉండొచ్చు. కాబట్టి "నార్మల్" అని వచ్చినా మొదటి రెండు వారాలు నోరు, విరేచనాలు గమనించాల్సిందే. అయినా అడిగి చేయించుకోదగ్గ పరీక్షే.

తెనాలి_తమలపాకు
ఫిబ్రవరి 14, రాత్రి 7:20

నిన్న శుక్రవారం వెళ్ళాం. ఈసారి డాక్టరు గారు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. నేను కాగితం మీద రాసుకెళ్ళిన ప్రశ్నలు చూసి "ఎవరు రాసిచ్చారు?" అని నవ్వారు. ఒక మాస్టారు, ఒక నర్సక్క, ఒక పీహెచ్‌డీ తమ్ముడు అన్నాను.

టీమ్‌లో రెండు అభిప్రాయాలు వచ్చాయట. ఒకరు ఫ్లాట్ ఇచ్చి తర్వాత కోద్దామన్నారు. సర్జన్ గారు గడ్డ పూర్తిగా తీయడానికి వీలుంది, నాన్న బరువు ఇంకా తగ్గకముందే నేరుగా చేద్దామన్నారు. ఇమ్యునోథెరపీ గురించి కూడా చెప్పారు, ఖర్చు విన్నాక నాన్నే వద్దన్నారు. చివరికి నేరుగా ఆపరేషన్ అని నిర్ణయం. ప్యానెల్ ఇప్పుడు అక్కర్లేదన్నారు. దాని బదులు ఎంఎల్‌హెచ్1 మిథైలేషన్ అని ఒక చిన్న టెస్టు రాశారు. అది ఎందుకో అడగడం మర్చిపోయాను.

స్లైడు_మాస్టారు
ఫిబ్రవరి 15, ఉదయం 5:30

అది నీ కోసం, మీ తమ్ముడి కోసం. ఎంఎల్‌హెచ్1 రెండు రకాలుగా మూగబోతుంది. వయసు మీద పడ్డాక ఆ గడ్డలో మాత్రమే జన్యువుకి తాళం పడటం ఒకటి, అదే మిథైలేషన్. పుట్టుకతోనే లోపం ఉండటం ఇంకొకటి, దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. అది పిల్లలకి రావచ్చు, పెద్దపేగు క్యాన్సర్‌కి కూడా దారితీస్తుంది. తాళం పడిందని తేలితే వారసత్వం భయం చాలావరకు పోయినట్టే. పెద్దపేగు గడ్డల్లో దీన్ని బీఆర్ఏఎఫ్ అనే మార్పు చూసి పట్టేస్తాం. కడుపులో ఆ చిట్కా పనిచేయదు, అందుకే నేరుగా మిథైలేషనే చూడాలి. మీ డాక్టరు గారికి విషయం బాగా తెలుసమ్మా.

తెనాలి_తమలపాకు
మార్చి 27, సాయంత్రం 5:05

ఆలస్యానికి క్షమించండి. మార్చి 3న ఆపరేషన్ అయింది. కడుపులో ముప్పాతిక వంతు తీశారు. మొత్తం 31 లింఫు గ్రంథులు తీసి చూస్తే ఒక్కదాంట్లోనే జబ్బు ఉంది. అంచులు శుభ్రంగా ఉన్నాయి. మిథైలేషన్ పాజిటివ్, అంటే తాళమే. తమ్ముడికి చెప్తే ఫోన్‌లో ఏడ్చేశాడు, ఇన్నాళ్ళూ వాడి భయం అదన్నమాట.

ఒక్క గ్రంథిలో ఉంది కదా, కీమో ఇవ్వాలా వద్దా అని మళ్ళీ చర్చ జరిగింది. మార్కర్ చూసి ప్రస్తుతానికి ఇవ్వకుండా, మూడు నెలలకోసారి చూద్దామన్నారు. నాన్న రోజుకి ఆరుసార్లు గిన్నెడు గిన్నెడు తింటున్నారు. ఇడ్లీ మీద కారప్పొడి కావాలని గొడవ.

స్లైడు_మాస్టారు
మార్చి 28, ఉదయం 5:25

31 గ్రంథులు! కనీసం 16 చూడాలని నియమం. నా సర్వీసులో ఏడు, ఎనిమిది పంపి "నోడ్స్ నెగటివ్" రాయమన్నవాళ్ళని చూశాను. వెతకని చోట ఏదీ దొరకదు. ఏ మార్కరైనా ఈ పని సరిగ్గా జరిగాకే పనికొస్తుంది. సర్జన్ గారికీ, ఆ గ్రంథుల్ని ఓపికగా ఏరిన పాథాలజిస్టుకీ నా నమస్కారాలు. రెండో ఆయన్ని ఎవరూ తలుచుకోరు కదా, అందుకని.

ఒక పని చెయ్యమ్మా. ఆపరేషన్ బ్లాకుల నంబర్లు రిపోర్టు పైన ఉంటాయి. అవి ఒక డైరీలో రాసి పెట్టుకో. రేపు ఏ కొత్త పరీక్ష వచ్చినా ఆ మైనపు బ్లాకులతోనే చేయొచ్చు.

కొల్లేటి_కొంగ
ఏప్రిల్ 19, రాత్రి 12:14

థ్రెడ్ మొత్తం చదివాను. మా అన్నయ్యకి లివర్‌కి పాకింది. హెర్2 నెగటివ్, ఎంఎంఆర్ (డీఎన్ఏ తప్పులు దిద్దే ప్రోటీన్లు) మామూలే, సీపీఎస్ 1. క్లాడిన్ అని ఇంకో మార్కర్ ఉందట కదా? మా రిపోర్టులో లేదు.

మబ్బుల్లో_డేటా
ఏప్రిల్ 19, ఉదయం 8:30

ఉందండి, క్లాడిన్ 18.2 అనే ప్రోటీన్. పాకిన జబ్బు ఉండి హెర్2 నెగటివ్ అయినవాళ్ళలో సుమారు 38 శాతం మందికి పాజిటివ్ వస్తుంది. క్యాన్సర్ కణాల్లో కనీసం 75 శాతానికి మధ్యస్థంగా గానీ గట్టిగా గానీ రంగు పట్టాలి. దానికి జోల్బెటుక్సిమాబ్ అనే మందు. ఒక ట్రయల్‌లో మధ్యస్థ ఆయుర్దాయం కీమోతో 15.5 నెలలు, ఇది కలిపితే 18.2 నెలలు. వాంతులు బాగా ఎక్కువ. పాత బయాప్సీ బ్లాకు మీదే చేయొచ్చు, మళ్ళీ ఎండోస్కోపీ అక్కర్లేకపోవచ్చు.

కొల్లేటి_కొంగ
ఏప్రిల్ 19, ఉదయం 8:41

బ్లాకు ఎవరి దగ్గర ఉంటుంది? మాకు స్లైడ్లే ఇచ్చారు.

స్లైడు_మాస్టారు
ఏప్రిల్ 19, ఉదయం 9:00

మొదట బయాప్సీ చదివిన ల్యాబ్‌లో ఉంటుంది. పేషెంటు సంతకంతో అర్జీ రాసిస్తే ఇస్తారు. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరిగిపోతుంది.

నిర్వాహకులు
ఏప్రిల్ 19, ఉదయం 9:20

క్లాడిన్ గురించి కొల్లేటి_కొంగ గారి పేరుతో వేరే థ్రెడ్ తెరిచాం. ఆ చర్చ అక్కడ కొనసాగించండి.